ఒక్క పరమాణువును లేజర్‌తో పట్టుకోవడం: ఫోటోలో ఉన్నది నిజంగా అదేనా?

నిడదవోలు మాస్టారు

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. మొన్న పరమాణు నిర్మాణం పాఠం మధ్యలో ఒకమ్మాయి ఫోనులో ఒక ఫోటో చూపించింది. 2018లో బ్రిటన్‌లో ఈపీఎస్ఆర్‌సీ (ఇంజినీరింగ్, భౌతిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఫోటోల పోటీలో మొదటి బహుమతి వచ్చిన బొమ్మ అది. ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ నాడ్లింగర్ అనే పరిశోధక విద్యార్థి తీశాడు. నల్లటి నేపథ్యం, రెండు సూది మొనలు, మొనల మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ, ఆ ఖాళీలో నీలి ఊదా రంగు చుక్క. అది ఒకే ఒక్క స్ట్రాన్షియం పరమాణువట! అదీ మామూలు డిజిటల్ కెమెరాతో తీసిందట.

ఆ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే. "సర్, పరమాణువు నానోమీటరు కూడా ఉండదన్నారు. మనకు కనిపించే కాంతి తరంగదైర్ఘ్యమే 400 నానోమీటర్ల నుంచి మొదలవుతుందన్నారు. మరి ఇది కెమెరాకు ఎలా దొరికింది?"

ఏదో చెప్పాను గానీ, పిల్లల ముఖాలు చూస్తే నమ్మినట్టు లేరు. ఈ పని చేతులతో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి. అసలు దాన్ని కదలకుండా ఎలా పట్టుకుంటారు? ఉన్నది ఒకటే అని ఎలా తెలుస్తుంది?

లెన్సుబాబు

మాస్టారూ, ఫోటోగ్రఫీ నా వృత్తి. ఆ బొమ్మను నేనూ పెద్దది చేసి చూశాను. చుక్క చాలా పిక్సెళ్ల మీద పరుచుకుని ఉంది. సూదుల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లయితే ఆ చుక్క పరమాణువు కన్నా వేల రెట్లు పెద్దదిగా లెక్క తేలుతోంది. కాబట్టి అది పరమాణువు సైజు కాదు. ఫోటో అబద్ధం అనను గానీ, "పరమాణువు ఫోటో" అన్న శీర్షిక మాత్రం అతిశయోక్తి అంటాను.

చల్లని పరమాణువు

నమస్తే మాస్టారూ. నా పీహెచ్‌డీ అంతా రుబీడియం పరమాణువులతోనే గడిచింది, ఇప్పటికీ అదే పని. చెప్పగలిగినంత చెబుతాను.

లెన్సుబాబు గారు చూసింది కరెక్టే, తేల్చింది కాదు. ఆ చుక్క వెడల్పు పరమాణువు వెడల్పు కాదు. లెన్సు ఒక బిందువు నుంచి వచ్చిన కాంతిని ఎంత సన్నగా కూర్చగలదో అంత చుక్క పడుతుంది. దానికి తోడు కెమెరా చాలాసేపు తెరిచి ఉంచారు కాబట్టి చిన్న చిన్న కదలికలూ అందులో కలుస్తాయి. పరమాణువు ఆకారం ఆ ఫోటోలో లేదు, ఉండదు కూడా. కానీ ఆ చుక్కలోని కాంతి ఒకే పరమాణువు నుంచి వచ్చింది. మీ విద్యార్థిని చెప్పిన తరంగదైర్ఘ్యం హద్దు రెండు వస్తువులను విడివిడిగా చూడటానికి అడ్డం వస్తుంది. చీకట్లో ఒంటరిగా వెలుగుతున్న వస్తువు ఉందా లేదా అని తేల్చడానికి అడ్డం రాదు. పక్కన ఇంకేమీ లేకపోతే చాలు.

ఇక వెలుగు సంగతి. సరైన రంగు లేజర్ పడితే పరమాణువు ఒక ఫోటాన్‌ను మింగి, కొన్ని నానోసెకన్లలో మళ్లీ ఏదో ఒక దిక్కుకు వదిలేస్తుంది. మళ్లీ మింగుతుంది, మళ్లీ వదులుతుంది. ఇలా సెకనుకు కోట్ల ఫోటాన్లు. అందులో కొద్ది శాతం లెన్సులో పడినా కెమెరాకు బోలెడు.

ఇంకో మాట. ఆ ఫోటోలో ఉన్నది అయాన్, అంటే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న స్ట్రాన్షియం. దాన్ని పట్టి ఉంచింది లేజర్ కాదు, చుట్టూ ఉన్న ఎలక్ట్రోడ్ల విద్యుత్ క్షేత్రం. లేజర్ దాన్ని చల్లబరుస్తుంది, వెలిగిస్తుంది. ఉత్త లేజర్ కాంతితోనే పట్టి ఉంచేది ఆవేశం లేని పరమాణువులను. ఆ కథ వేరు.

కడప కుర్రాడు

ఆగండాగండి. లేజర్ చల్లబరచడమేంటి అక్కా? మా షాపులో లేజర్‌తో స్టీలు షీట్లు కోస్తాం. 😀

చల్లని పరమాణువు

నీ స్టీలు షీటు వచ్చిన కాంతిని మింగి తన దగ్గరే పెట్టుకుంటుంది తమ్ముడూ, అందుకే కరుగుతుంది. పరమాణువు మింగినదాన్ని మళ్లీ కక్కేస్తుంది. మనం లేజర్‌ను పరమాణువుకు నచ్చే రంగు కన్నా కొంచెం ఎరుపు వైపుకు, అంటే కాస్త తక్కువ పౌనఃపున్యానికి పెడతాం. పరమాణువు లేజర్‌కు ఎదురొస్తుంటే డాప్లర్ ప్రభావం వల్ల ఆ కాంతి దానికి సరైన రంగులో అనిపించి మింగుతుంది. మింగినప్పుడల్లా ఎదురు నుంచి చిన్న తోపు. తిరిగి వదిలేది ఏ దిక్కుకైనా పోవచ్చు కాబట్టి ఆ తోపులన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వదిలిన ఫోటాన్‌లో, మింగినదాని కన్నా సగటున కాస్త ఎక్కువ శక్తి ఉంటుంది. ఆ తేడా వచ్చేది పరమాణువు కదలిక నుంచే. అలా వేగం తగ్గుతుంది. వాయువు విషయంలో చల్లదనం అంటే అదేగా.

నిడదవోలు మాస్టారు

బాగుందమ్మా. పిల్లలకు పోలికలు ఎన్నైనా చెప్పొచ్చు, నాకు లెక్క కావాలి. ఒక్కో తోపు ఎంత? ఎన్ని తోపులకు ఆగుతుంది?

చల్లని పరమాణువు

రుబీడియం-87 తీసుకుందాం. లేజర్ 780 నానోమీటర్లు. ఒక ఫోటాన్ మింగితే వేగంలో వచ్చే మార్పు సెకనుకు 5.9 మిల్లీమీటర్లు. గది ఉష్ణోగ్రతలో రుబీడియం పరమాణువు సుమారు 300 మీటర్ల వేగంతో పరుగెడుతుంటుంది. భాగిస్తే 50 వేల ఫోటాన్లు.

ఉత్తేజిత స్థాయి జీవితకాలం 26 నానోసెకన్లు. లేజర్ ఎంత గట్టిగా కొట్టినా పరమాణువు సగం కాలమే పై స్థాయిలో ఉంటుంది. కాబట్టి గరిష్ఠంగా సెకనుకు దాదాపు 1.9 కోట్ల ఫోటాన్లు. ఆ 50 వేలు మింగడానికి పట్టేది మూడు మిల్లీసెకన్ల లోపే. ఆలోపు అది అర మీటరు కూడా పోదు. త్వరణం లెక్క కట్టి చూడండి, గురుత్వ త్వరణానికి పది వేల రెట్ల పైమాటే.

ఇక్కడ ఒక చిక్కుంది. 300 మీటర్ల వేగానికి డాప్లర్ మార్పు 380 మెగాహెర్ట్జ్ పైగా వస్తుంది. పరమాణువు మింగగలిగే రంగుల వెడల్పేమో 6 మెగాహెర్ట్జ్. కొన్ని వందల తోపులు తిని కాస్త నెమ్మదించగానే లేజర్ దానికి కనపడకుండా పోతుంది. ఈ ఇబ్బందికి విలియం ఫిలిప్స్, హెరాల్డ్ మెట్‌కాఫ్ 1980ల మొదట్లో దారి కనిపెట్టారు. పరమాణువు ప్రయాణించే గొట్టం పొడవునా అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ పోతే, పరమాణువుకు నచ్చే రంగే వేగంతో పాటు జరుగుతూ వస్తుంది. మేమైతే అంత కష్టపడం. గాజు పెట్టెలో పలచగా రుబీడియం ఆవిరి ఉంచుతాం. అందులో పుట్టుకతోనే నెమ్మదిగా ఉన్న కొద్దిపాటి పరమాణువులే మాకు చాలు.

పాత కాగితాలు

చర్చ బాగా సాగుతోంది. చరిత్ర నా పిచ్చి, కాబట్టి ఒక పిట్టకథ.

1952లో ష్రోడింగర్ ఒక వ్యాసంలో, మనం ఎప్పుడూ ఒకే ఎలక్ట్రాన్‌తో గానీ ఒకే పరమాణువుతో గానీ ప్రయోగం చేయం అన్న అర్థంలో రాశాడు. ఆయన పోయింది 1961లో. ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ మాట పాతబడిపోయింది.

1970లో ఆర్థర్ ఆష్కిన్ న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ గోళాలను లేజర్‌తో నెట్టి, పట్టి చూపించాడు. 1975లో హాన్ష్, షాలో ఒక పక్క, వైన్‌లాండ్, డెమెల్ట్ ఇంకో పక్క, విడివిడిగా లేజర్ చల్లదనం ఆలోచన చెప్పారు. 1978లో అయాన్లను చల్లబరిచి చూపించారు. 1980లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో న్యూహౌజర్, హోహెన్‌స్టాట్, టోషెక్, డెమెల్ట్ కలిసి ఒకే ఒక్క బేరియం అయాన్‌ను పట్టి ఫోటో తీశారు. అంటే ఆక్స్‌ఫర్డ్ బొమ్మకు 38 ఏళ్ల ముందే. తర్వాత సియాటిల్‌లో డెమెల్ట్ తాను పట్టుకున్న బేరియం అయాన్‌కు ఆస్ట్రిడ్ అని పేరు కూడా పెట్టుకున్నాడు!

ఆవేశం లేని పరమాణువులకు ఇంకా సమయం పట్టింది. 1985లో స్టీవెన్ చూ బృందం ఆరు లేజర్ కిరణాల మధ్య సోడియం పరమాణువులను 240 మైక్రోకెల్విన్ దాకా (మైక్రోకెల్విన్ అంటే కెల్విన్‌లో పది లక్షల వంతు) చల్లబరిచింది. 1986లో ఆష్కిన్‌తో కలిసి, ఉత్త లేజర్ కిరణంతో ఓ ఐదు వందల సోడియం పరమాణువులను పట్టారు. 1987లో అయస్కాంత క్షేత్రం కూడా జోడించిన ఉచ్చు వచ్చింది. ఇప్పుడు అందరూ మాట్ (మాగ్నెటో-ఆప్టికల్ ట్రాప్) అని పిలిచేది దాన్నే.

1997లో నోబెల్ చూ, కోహెన్-తనూజీ, ఫిలిప్స్‌లకు ఇచ్చారు. ఆష్కిన్‌కు దక్కింది 2018లో, 96 ఏళ్ల వయసులో. ఎవరేమనుకున్నా సరే, 1997లోనే ఆయన పేరు ఉండాల్సింది అంటాను.

వరంగల్ రేడియో

పాత కాగితాలు గారూ, మొదటిది 1980 హైడెల్‌బర్గ్ అంటే ఒప్పుకోను. 1977లోనే అమెరికాలో ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో హర్స్ట్, నాయ్‌ఫే, యంగ్ ఒక్క సీజియం పరమాణువును లేజర్‌తో గుర్తించారు. సీజియంకు మాత్రమే సరిపడే రంగుతో కొట్టి, దాని ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి, ఆ ఎలక్ట్రాన్‌ను కౌంటర్‌లో లెక్కపెట్టారు. చుట్టూ ఉన్న కోటానుకోట్ల ఆర్గాన్ పరమాణువుల మధ్య ఒక్క సీజియం ఉన్నా దొరికేది.

పాత కాగితాలు

దొరికింది, నిజమే. కానీ దొరికిన క్షణంలోనే చేజారింది కదా. ఎలక్ట్రాన్ ఊడగొట్టాక ఇంక దాన్ని రెండోసారి చూడలేరు. హైడెల్‌బర్గ్ వాళ్లది అలా కాదు, అదే అయాన్‌ను పట్టి ఉంచి మళ్లీ మళ్లీ చూడగలిగారు.

వరంగల్ రేడియో

"గుర్తించడం" అంటే లెక్కకు అందడం. ఉంచుకోవడం వేరే పని. రెండూ కలిపేసి మొదటి బహుమతి జర్మనీకి ఇచ్చేస్తే ఓక్ రిడ్జ్ వాళ్లకు అన్యాయం చేసినట్టే.

చల్లని పరమాణువు

ఇద్దరూ చెప్పిందీ సరే. ఇది పంతం పట్టేంత గొడవ కాదు గానీ, తేడా మాత్రం పెద్దదే. ఓక్ రిడ్జ్ పద్ధతిలో ఒక పరమాణువు నుంచి వచ్చే సాక్ష్యం ఒక ఎలక్ట్రాన్. ఉచ్చులో ఉన్న పరమాణువైతే లక్షల ఫోటాన్లతో సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. పట్టుకోవడమూ గుర్తించడమూ రెండు పనులుగా కనిపిస్తాయి గానీ, మాట్‌లో అవి ఒకే పని. ఏ ఫోటాన్ల తోపు పరమాణువును ఉచ్చులో ఉంచుతోందో, అవే పక్కకు చెదిరి కెమెరాలో పడతాయి.

మాస్టారి అసలు ప్రశ్న, "ఒకటే అని ఎలా తెలుసు?" దీనికి జవాబు నాకు ల్యాబ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన గ్రాఫు. చీకటి గదిలో ఫోటాన్ కౌంటర్ పెట్టుకుని కూర్చుంటాం. మొదట ఖాళీ ఉచ్చు: గాజు మీద, లోహం మీద చెదిరి వచ్చే పిచ్చి కాంతి వల్ల అడుగున ఒక గీత గజిబిజిగా పోతుంటుంది. ఉన్నట్టుండి గీత ఒక మెట్టు ఎక్కుతుంది. కొన్ని సెకన్లు అక్కడే ఉంటుంది. మళ్లీ టక్కున కిందికి దిగుతుంది. ఒక్కోసారి రెండు మెట్లు ఎక్కుతుంది, రెండో మెట్టు ఎత్తు మొదటిదానికి సమానం. ఒకటిన్నర మెట్టు ఎప్పుడూ ఉండదు. సగం పరమాణువు ఉండదు కదా! మొదటిసారి చూసిన జూనియర్లు ఎవరైనా ఒక నిమిషం మాట్లాడరు.

మాట్‌లో సీజియం పరమాణువులతో ఇలాంటి మెట్లను కాల్టెక్‌లో కింబుల్ బృందం 1994లో చూపించింది.

గుంటూరు గణితం

ఫాలో అవుతున్నా. మెట్టు దిగడం ఎందుకు? లేజర్ వదిలేస్తుందా?

చల్లని పరమాణువు

ఎక్కువసార్లు కారణం గాలి. పెట్టెలో పీడనం వాతావరణ పీడనంలో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువకు దించుతాం. అయినా మిగిలిపోయిన ఏ హైడ్రోజన్ అణువో గది ఉష్ణోగ్రత వేగంతో వచ్చి గుద్దితే మన పరమాణువు ఎగిరిపోతుంది. ఎంత మంచి వాక్యూమ్ ఉంటే పరమాణువు అంతసేపు ఉంటుంది. సెకన్లు, బాగా కుదిరితే నిమిషాలు.

ఇంకో కారణం మన చేతకానితనమే. రుబీడియం అప్పుడప్పుడు లేజర్‌కు అందని మరో కింది స్థాయికి జారిపోతుంది. దాన్ని వెనక్కి తెచ్చేందుకు రీపంపర్ అనే రెండో లేజర్ ఉంటుంది. ఎవరైనా తలుపు దబ్బున వేస్తే చాలు, దాని లాక్ (లేజర్ రంగును కచ్చితంగా ఒకచోట నిలిపే ఏర్పాటు) పోతుంది, తెర మీద అంతా చీకటి. అందుకే పరమాణువులు మాయమైతే మా వాళ్లు ఎవరైనా అడిగే మొదటి మాట "రీపంపర్ లాక్‌లో ఉందా?" చాలాసార్లు ఉండదు.

లెన్సుబాబు

నా వైపు ప్రశ్న. కెమెరాకు ఎన్ని ఫోటాన్లు అందుతాయి? మామూలు కెమెరా సరిపోతుందా?

చల్లని పరమాణువు

మాట్‌లో లక్షల పరమాణువుల మేఘం చూడాలంటే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ లేని చవక సీసీ కెమెరా చాలు. 780 నానోమీటర్లు మన కంటికి దాదాపు ఆనదు గానీ, దానికి తెల్లటి మెరుపులా కనిపిస్తుంది.

ఒక్కదానికి లెక్క చూడండి. పరమాణువును సుతారంగా వెలిగించి సెకనుకు పది లక్షల ఫోటాన్లు చెదరగొట్టించామనుకోండి. 20 మిల్లీసెకన్లు ఎక్స్‌పోజర్. మొత్తం 20 వేలు. అవి అన్ని దిక్కులకూ పోతాయి. 0.5 న్యూమరికల్ అపెర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టగలదో చెప్పే సంఖ్య) ఉన్న లెన్సు అందులో 7 శాతం లోపే పట్టగలదు, అంటే దాదాపు 1,300. అద్దాలు, ఫిల్టర్లు, సెన్సర్ కలిసి సగం తినేసినా ఆరేడు వందలు మిగులుతాయి. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే సంఖ్య దీనికి దరిదాపుల్లో ఉండకూడదు, అంతే. అందుకే ఈ పనిలో లేజర్ కన్నా చెదిరిన కాంతిని ఆపడానికే ఎక్కువ కష్టపడతాం. నల్ల కాగితం, నల్ల టేపు, నల్ల గుడ్డ... ల్యాబ్‌లో ఖరీదైన లెన్సు పక్కనే ఇవి వేలాడుతుంటాయి. ఒక్కో ఫోటాన్‌నూ సెన్సర్‌లోనే పెంచి చూపే ఈఎంసీసీడీ కెమెరాలు వాడతాం.

నిడదవోలు మాస్టారు

మీరు ముందు "ఉత్త లేజర్ కాంతితోనే పట్టి ఉంచేది" అన్నారు. మాట్‌లో అయస్కాంత క్షేత్రం కూడా ఉంది కదా. ఉత్త కాంతి ఎలా పట్టుకుంటుంది?

చల్లని పరమాణువు

దాన్ని ఆప్టికల్ ట్వీజర్ అంటారు. ఇక్కడ లేజర్ రంగు పరమాణువుకు నచ్చే రంగుకు చాలా దూరం. రుబీడియంకు 810 నుంచి 850 నానోమీటర్ల దాకా వాడతారు. పరమాణువు దాన్ని మింగదు. కానీ కాంతి అంటే వేగంగా ఊగే విద్యుత్ క్షేత్రమే కదా, అది పరమాణువులోని ఎలక్ట్రాన్ మేఘాన్ని కాస్త అటూ ఇటూ లాగుతుంది. అలా పుట్టిన డైపోల్ (ఒక కొసన ధన, ఇంకో కొసన ఋణ ఆవేశం ఉన్న జంట), క్షేత్రం బలంగా ఉన్న చోటికి లాక్కుపోబడుతుంది. లేజర్‌ను మంచి లెన్సుతో ఒక మైక్రోమీటరు వెడల్పుకు కుదిస్తే, ఆ వెలుగు మధ్యలో పరమాణువు కూర్చుంటుంది.

ఈ గుంట లోతు ఉష్ణోగ్రతలో చెప్పాలంటే ఒక మిల్లీకెల్విన్. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్. అంటే గదిలోని పరమాణువు శక్తి ముందు ఈ గుంట మూడు లక్షల వంతు. అందుకే ముందు మాట్‌తో చల్లబరచక తప్పదు.

2001లో పారిస్ దగ్గర ఓర్సేలో గ్రాంజియే బృందం ఇందులో ఒక అందమైన సంగతి కనిపెట్టింది. ఇంత ఇరుకు గుంటలో రెండు పరమాణువులు పడితే, లేజర్ కాంతి సమక్షంలో అవి ఢీకొని రెండూ బయటికి ఎగిరిపోతాయి. మిగిలేది సున్నా లేదా ఒకటి, రెండన్న మాటే లేదు. ఒకటే ఉండాలని మనం ఎంచక్కర్లేదు, ఆ పని అవే చేసుకుంటాయి.

గుంటూరు గణితం

అయితే ఉచ్చు నిండే సంభావ్యత దాదాపు సగమేగా? వంద ఉచ్చులు పెడితే యాభై ఖాళీ. అన్నీ ఒకేసారి నిండాలంటే రెండు మీద వందో ఘాతంలో ఒక వంతు. విశ్వం వయసు చాలదు.

చల్లని పరమాణువు

సరిగ్గా ఆ గోడకే పదిహేనేళ్లు తలబాదుకున్నారు. 2016లో రెండు బృందాలు, హార్వర్డ్‌లో ఒకటి, పారిస్ దగ్గర బ్రోవేస్ వాళ్లది ఒకటి, ఒకేసారి దారి చూపించాయి. ముందు ఫోటో తీసి ఏ ఉచ్చులో పరమాణువు ఉందో చూడటం, తర్వాత కదిలే ట్వీజర్‌తో ఒక్కోదాన్ని ఎత్తి ఖాళీల్లో పెట్టడం. కిరాణా కొట్టులో సగం ఖాళీగా ఉన్న రెండు గుడ్ల ట్రేల నుంచి ఒక నిండు ట్రే సర్దినట్టు. ఇదంతా మిల్లీసెకన్లలో, కంప్యూటర్ చేస్తుంది. ఇక్కడ గుర్తించడమంటే ఉందో లేదో చూసి ఊరుకోవడం కాదు, ఆ ఫోటోను బట్టే తర్వాతి పని జరుగుతుంది.

2025లో కాల్టెక్ వాళ్లు దాదాపు 12 వేల ట్వీజర్లలో 6,100 సీజియం పరమాణువులను పట్టి చూపించారు. ఫోటో తీసినప్పుడు పరమాణువు పోకుండా మిగిలే అవకాశం 99.98 శాతం పైనే.

కడప కుర్రాడు

అమరావతిలో పెడతామంటున్న క్వాంటం కంప్యూటర్ ఇదేనా అక్కా?

చల్లని పరమాణువు

కాదు. అక్కడికి ప్రకటించింది ఐబీఎం యంత్రం. అందులో క్యూబిట్లు (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే మూల భాగాలు) సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లు, చిప్ మీద చెక్కినవి. పరమాణువులతో కంప్యూటర్లు చేసే కంపెనీలు వేరే ఉన్నాయి, అమెరికాలో క్యూఎరా, ఫ్రాన్స్‌లో పాస్కాల్ లాంటివి. ఏది గెలుస్తుందన్న పందెం నేను కట్టను.

అనంతపురం బోరు

అంతా చదివాను. గొప్పగా ఉంది. కానీ అడగక తప్పట్లేదు, కంప్యూటర్ మాట పక్కన పెడితే ఒక్కో పరమాణువును పట్టి లెక్కపెట్టడం వల్ల మామూలు మనిషికి ఒరిగేదేంటి?

నేలనీళ్లు

దీనికి నేను చెబుతాను, భూగర్భజలాలే నా ఉద్యోగం. ఒక్కో పరమాణువును పట్టి నీటి వయసు చెబుతారు.

గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు క్రిప్టాన్ ఉంటుంది. విశ్వకిరణాల దెబ్బకు అందులో కొంచెం క్రిప్టాన్-81 పుడుతుంది. కొంచెం అంటే మరీ కొంచెం: లక్ష కోట్ల క్రిప్టాన్ పరమాణువులు తీస్తే సగటున ఒక్కటి కూడా రాదు, 0.6 అనుకోవచ్చు. దాని అర్ధాయువు 2 లక్షల 29 వేల ఏళ్లు. వాన నీటిలో గాలితో పాటు ఇదీ కరుగుతుంది. నీరు భూమిలోకి దిగిపోయాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. ఎంత మిగిలిందో తెలిస్తే నీరు ఎప్పుడు దిగిందో తెలుస్తుంది. కార్బన్-14 యాభై వేల ఏళ్లు దాటితే చేతులెత్తేస్తుంది, పైగా రాళ్లతో రసాయన చర్యలు దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. క్రిప్టాన్ దేనితోనూ కలవదు.

మరి లెక్కపెట్టడం? కొత్త నీరు ఒక లీటరులో సుమారు వెయ్యి క్రిప్టాన్-81 పరమాణువులు ఉంటాయి. రేడియోధార్మికత కొలిచే కౌంటర్ ముందు ఆ లీటరు పెట్టుకుని కూర్చుంటే, ఒక్క పరమాణువు విఘటనం చెందడానికి సగటున మూడు వందల ఏళ్లు పైగా పడుతుంది! మునిమనవళ్ల మనవళ్లు చూడాలి.

అందుకని అవి పేలేదాకా ఆగకుండా, ఉన్నవాటినే పట్టుకుంటారు. 1999లో అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ ల్యాబ్ వాళ్లు మాట్‌తో దీన్ని చేసి చూపించారు. పద్ధతి పేరు ఆటా (ఆటమ్ ట్రాప్ ట్రేస్ అనాలిసిస్).

చల్లని పరమాణువు

నేలనీళ్లు గారూ, మీరు భలే చోటికి తెచ్చారు. లేజర్ వైపు సంగతి నేను కలుపుతాను. క్రిప్టాన్‌ను దాని కింది స్థాయి నుంచి లేపాలంటే 123 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కావాలి. అలాంటి లేజర్‌తో ఈ పని అయ్యేది కాదు. అందుకే ముందు రేడియో పౌనఃపున్య డిశ్చార్జ్‌లో (రేడియో తరంగాలతో వాయువును వెలిగించే ఏర్పాటు) దాన్ని చాలాసేపు నిలిచే ఒక పై స్థాయికి తెస్తారు. అక్కడి నుంచి 811 నానోమీటర్లకు లొంగుతుంది. ఆ లేజర్‌ను క్రిప్టాన్-81కి పెడితే 83, 84 పరమాణువులు ఉచ్చు పక్క నుంచే పోతున్నా పట్టుబడవు, ఎందుకంటే ఐసోటోప్ మారితే నచ్చే రంగు కొద్దిగా మారుతుంది. ఒకటి రెండు ఫోటాన్లైతే పొరపాటున ఎవరైనా మింగొచ్చు. వరుసగా వేలకు వేలు మింగి ఆగి, ఉచ్చులో కూర్చుని వెలగడం మాత్రం సరైన ఐసోటోప్‌కే సాధ్యం. తప్పుడు లెక్క రాకపోవడానికి కారణం అదే.

నేలనీళ్లు

ఈజిప్టు పశ్చిమ ఎడారి కింద నూబియన్ ఇసుకరాయి జలాశయం నీటిని ఇలా కొలిస్తే 2 లక్షల నుంచి 10 లక్షల ఏళ్ల వయసు తేలింది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. అంటే అక్కడ మోటారు వేసి తోడుతున్నది మళ్లీ నిండని నీరు. పదేళ్ల తర్వాత అంటార్కిటికాలో టేలర్ గ్లేసియర్ మంచుకు ఇదే పద్ధతిలో లక్షా ఇరవై వేల ఏళ్ల వయసు కట్టారు. మొదట్లో టన్నుల కొద్దీ నీళ్లు కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఓ రెండు బిందెల నీళ్లతో పని జరుగుతోంది. అవీ ల్యాబ్‌కు మోయక్కర్లేదు, బావి దగ్గరే కరిగిన గాలిని లాగి సిలిండర్‌లో పట్టుకెళ్తారు.

అనంతపురం బోరు

మా బోరు నీళ్లకు చేయిస్తే?

నేలనీళ్లు

మీ దగ్గర గట్టి రాతి పగుళ్లలో నిలిచే నీరు. ఎక్కువ భాగం ఈ మధ్యకాలపు వానలదే. దానికి క్రిప్టాన్-81 మరీ పొడవైన కొలబద్ద. అర్ధాయువు పదకొండేళ్ల లోపున్న క్రిప్టాన్-85 గానీ ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) గానీ పనికొస్తాయి. వీటి మధ్య ఖాళీకి 270 ఏళ్ల దరిదాపు అర్ధాయువున్న ఆర్గాన్-39 ఉంది, దాన్నీ ఇప్పుడు లేజర్ ఉచ్చులతోనే లెక్కపెడుతున్నారు. బోర్ల సంగతి ఇంకా మాట్లాడాలంటే వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ వివరంగా రాస్తాను.

నిడదవోలు మాస్టారు

ఈ చర్చంతా క్లాసులో చదివి వినిపించాను. ఫోటో తెచ్చిన అమ్మాయి ఇంకో ప్రశ్న పంపింది: ట్వీజర్‌లో ఉన్న పరమాణువు బరువుకు కిందికి జారదా? లేజర్ ఆపేస్తే ఎంతసేపటికి పోతుంది?

చల్లని పరమాణువు

బరువు సంగతి: రుబీడియం పరమాణువు ఒక మైక్రోమీటరు కిందికి జారితే వచ్చే శక్తిని ఉష్ణోగ్రతగా రాస్తే 0.1 మైక్రోకెల్విన్. గుంట లోతు 1,000 మైక్రోకెల్విన్. పది వేల రెట్లు. బరువును లెక్కలోకే తీసుకోం.

లేజర్ ఆపితే: పరమాణువు 50 మైక్రోకెల్విన్‌లో ఉందనుకుంటే ఒక దిశలో దాని వేగం సెకనుకు 7 సెంటీమీటర్లు. ఒక మైక్రోమీటరు దాటడానికి 14 మైక్రోసెకన్లు. ఆలోపు లేజర్ మళ్లీ వేస్తే చాలావరకు దొరుకుతుంది, ఆలస్యమైతే పోతుంది. ఉష్ణోగ్రత కొలిచేది కూడా ఇలాగే: కొన్ని మైక్రోసెకన్లు ఆపడం, మళ్లీ వేయడం, ఉందో లేదో ఫోటో తీయడం. ఆపే సమయాన్ని పెంచుతూ ఇదే కొన్ని వందల సార్లు చేసి, ఎన్నిసార్లు మిగిలిందో గ్రాఫు గీస్తే, అది ఎంత వేగంగా పడిపోతుందో దాన్ని బట్టి ఉష్ణోగ్రత వస్తుంది. 30 మైక్రోసెకన్లు ఆపితే 50 మైక్రోకెల్విన్ పరమాణువు ఎంత దూరం పోతుందో, 5 మైక్రోకెల్విన్‌ది ఎంత పోతుందో ఆ అమ్మాయినే లెక్క కట్టమనండి. వేగం ఉష్ణోగ్రత వర్గమూలంతో మారుతుందని మాత్రం గుర్తు చేయండి.